అయిదు కాండాల ఓక్ చెట్టు

ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్ కౌంటీ. డార్ట్‌మూర్ అంచున, టీన్ నది లోయలో, ఫింగిల్ రాతి వంతెన పక్కన మీరు నిలబడి ఉన్నారు. రాత్రంతా వాన పడింది. నీటి హోరులో పక్కవాళ్ల మాట వినబడాలంటే గొంతు పెంచాల్సిందే. వంతెన దాటకండి. ఉత్తరపు ఒడ్డునే హంటర్స్ పాత్ అనే కాలిబాట ఓక్ చెట్లలోకి నిటారుగా ఎక్కుతుంది.

మీ జేబులో ఒక కాగితం ఉంది. “రెండో మలుపు దగ్గర ఆగు. అయిదు కాండాల ఓక్‌కి వీపు ఆనించు. దిక్సూచిలో 310 డిగ్రీలు. నలభై అడుగులు పైకి. నాచు బండ, ఎడమ చెయ్యి.” అంతే.

మొదటి మలుపుకే పిక్కలు పట్టేశాయి. తడి వేర్ల మీద బూటు జారుతోంది. ఊపిరి అందేదాకా ఆగి నది ఎగువకు చూడండి. అటువైపున్న చాగ్‌ఫర్డ్ ఊళ్లోనే, ఆచూకీ పట్టుకుని దాచిన డబ్బాను వెతికే ఈ ఆటకు బీజం పడింది. యాత్రికులకు దారి చూపించే జేమ్స్ పెరట్ 1854లో, బురదనేలల నడుమ ఉన్న క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ పేరున్న కార్డు అందులో వేసి వెళ్లేవారు. తర్వాతి కాలంలో తమ చిరునామా తామే రాసుకున్న పోస్టుకార్డులు వదిలేవారు. ఆ తర్వాత వచ్చిన అపరిచితులు వాటిని తీసుకెళ్లి పోస్టు చేసేవారు. ముక్కూమొహం తెలియని మనిషి మీద పెట్టుకున్న ఆ నమ్మకమే నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టం.

రెండో మలుపు వచ్చింది. చెట్టేదీ? చుట్టూ అన్నీ ఓక్‌లే. ఒకదానికి మూడు కాండాలు, ఇంకోదానికి నాలుగు. బొగ్గు కోసం, తోళ్లు ఊనడానికి పనికొచ్చే బెరడు కోసం తరతరాలుగా ఈ అడవిని నరికారు. నరికిన ప్రతి మోడు నుంచీ కొత్త కొమ్మలు గుంపుగా లేచి కాండాలయ్యాయి. మీరు లెక్కపెడుతున్నది ఆ గొడ్డలి దెబ్బలనే. ఫోనులో చుక్క చూసుకుంటూ వచ్చి ఉంటే ఒక్కో చెట్టు ముందూ ఇలా నిలబడేవారా?

అదిగో, అయిదు. వీపు ఆనించండి. చొక్కాలోంచి చల్లటి తడి తగులుతుంది. దిక్సూచి ముల్లు కుదురుకునేదాకా ఊపిరి బిగపట్టి, నడవండి. ఎక్కేటప్పుడు అడుగు పొట్టిదవుతుంది. కాగితం రాసినవాళ్ల కాళ్లు మీకన్నా పొడుగేమో. నలభై దగ్గర బండ లేదు. బయలు మీద అయితే దూరపు గుట్టలు రెండింటికి దిక్కు సరిచూసుకుని చోటు పట్టేయొచ్చు; ఇక్కడ ఆకులు తప్ప ఏమీ కనబడవు. ఇంకో ఆరడుగులు వేయండి. నాచు కప్పిన బండ, దాని కింద చిన్న నెర్రె. ఎడమ చెయ్యి పెట్టండి. మట్టి, ఆకులు, ఒక చిన్న రాయి, దాని వెనక నున్నటి ప్లాస్టిక్.

డబ్బాలో రెండు కవర్లు. ఒకదాంట్లో నోటుపుస్తకం, ఇంకోదాంట్లో రబ్బరు ముద్ర: పొగలేస్తున్న బొగ్గుబట్టీ. ఎవరో చేత్తో చెక్కారు. పొగ మెలికల్లో కత్తి ఆగి ఆగి నడిచిన జాడ తెలుస్తోంది. దాన్ని మీ పుస్తకంలో అద్దుకోండి. ఇప్పుడు మీ ముద్ర తీయండి. పాలపిట్ట. కాగితం మీద కుడికి చూడాలని రబ్బరు మీద ఎడమకి తిప్పి చెక్కుకున్నారు కదా! ఎవరిదో కప్ప, ఎవరిదో దీపస్తంభం ఉన్న పేజీలో, వాటి పక్కనే నీలం సిరాతో పాలపిట్ట వాలింది. కింద తేదీ, మీరు పెట్టుకున్న మారుపేరు.

సిరా తుడవండి, కవర్లు గట్టిగా మూయండి. కింద బాటలో కుక్క మొరిగింది; ఆ నడిచేవాళ్లు దాటిపోయేదాకా ఆగండి, డబ్బా చోటు వాళ్ల కంట పడకూడదు. ప్రాచీన రాతి వలయాల్లో, గోడల్లో, శిథిలాల్లో డబ్బాలు పెట్టరాదనీ, సిమెంటు వాడరాదనీ డార్ట్‌మూర్ నియమం. అందుకే ఈ మామూలు బండ. చిన్న రాయిని ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టండి.

నోటుపుస్తకం చివరి పేజీలో ఇంకో ఆచూకీ రాసి ఉంది, మీరు దింపుకున్నారు: షార్ప్ టోర్ రాళ్లగుట్ట, అక్కడి నుంచి రెండు దిక్కులు. మళ్లీ ఎక్కాలి. పైన చెట్లు పలచబడతాయి కాబట్టి ఈసారి అడుగుల లెక్క కాదు, దిక్సూచి పని చెయ్యాలి.