వీరగల్లు నుంచి వీరుల గుడి దాకా: అంతర్యుద్ధ మృతుల స్మారకాలపై ఒక పరిశీలన

పరాయి రాజుతో యుద్ధం చేసి చనిపోయినవాడికి రాయి నిలపడానికి ఎవరికీ సంకోచం ఉండదు. దాయాదుల పోరులో చనిపోయినవాడి సంగతి వేరు. గెలిచినవాళ్లు తమవాళ్లకే గుర్తు కట్టుకుంటారు. ఓడినవాళ్ల శవాలు ఎక్కడివక్కడే మట్టిలో కలుస్తాయి. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసినా, ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో దక్షిణాది సైనికులకు ప్రత్యేకంగా చోటు కేటాయించడానికి 1900 దాకా పట్టింది. 1914లో అక్కడ వెలసిన వారి స్మారకాన్ని 2023 డిసెంబరులో తొలగించారు. ఒకసారి రాజ్యం తన చేతుల్లోకి తీసుకున్న స్మారకం రాజకీయంతోపాటే మారుతూ ఉంటుంది. రాయలసీమలోనూ, నల్లమల అవతలి పల్నాడులోనూ ఈ బాధ్యతను ఎక్కువగా మోసింది రాజ్యం కాదు, ఊరు. ఆ తేడా వల్లే ఇక్కడి గుర్తులు ఇంతకాలం బతికాయన్నది ఈ వ్యాసం వాదన.

మృతులకు రాతి గుర్తు నిలిపే ఆచారం ఈ నేలలో చాలా పాతది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు రాజులకే పరిమితం కాలేదు. సేనానులకూ భటులకూ కూడా నిలిపారు. కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలోని గంగపేరూరులోనూ ఛాయాస్తంభ శాసనాలు దొరికాయి. తర్వాతి శతాబ్దాల్లో ఈ ఆచారమే వీరగల్లుగా స్థిరపడింది. దాని కూర్పు చాలాచోట్ల ఒకేలా కనిపిస్తుంది. కింది అరలో పోరు, నడిమి అరలో వీరుణ్ణి పైకి తీసుకుపోయే అప్సరసలు, పై అరలో శివలింగం ముందు కూర్చున్న వీరుడు. శాసనం ఉంటే అది తరచూ కొద్ది పంక్తులే. ఎవరి పాలనలో, ఎవరి పక్షాన, ఏ పోరులో, ఎవరు పడ్డారో చెబుతుంది. చాలా రాళ్లు ఆవులమందను కాపాడబోయి చనిపోయినవారివి. వానలు తక్కువగా ఉండి, పశువులే ఆస్తిగా బతికిన సీమలో అది సహజం.

అంతర్యుద్ధం దృష్టితో చూస్తే తొమ్మిదో శతాబ్దపు సోరెమడి యుద్ధపు రాళ్లు ముఖ్యమైనవి. ఒకవైపు వైదుంబులు, బాణులు. మరోవైపు నొళంబులు, గంగులు. అందరూ ఇరుగుపొరుగు సామంతులు, ఒకే మెట్టనేలను పంచుకున్నవాళ్లు. ఆ పోరులో పడ్డవారి రాళ్లు రణభూమి దగ్గర పోగుపడలేదు, వేర్వేరు ఊళ్లలో నిలిచాయి. అంటే చావు కబురు ఊరికి చేరింది, ఊరు తనవాడికి రాయి చెక్కించుకుంది. రాజప్రశస్తులకు గెలుపే ప్రాణం. ఈ రాళ్లకు మాత్రం చావే ప్రధానం. గెలిచిందెవరో తెలుసుకోవాలని ఈ శాసనాలను తరచి చూసే మన అలవాటు వాటి అసలు ఉద్దేశాన్ని పక్కకు నెడుతోంది.

అచ్చమైన అన్నదమ్ముల యుద్ధానికి స్మారకం కావాలంటే మాత్రం పల్నాడులోని కారెంపూడికే పోవాలి. పన్నెండో శతాబ్దం చివరి పాదంలో అనుగురాజు కొడుకులు నలగామరాజు, మలిదేవరాజుల మధ్య పగ పెరిగి, కోడిపోరుతో రాజ్యం చేతులు మారి, ఏడేళ్ల వలస తర్వాత నాగులేటి ఒడ్డున యుద్ధమైంది. రాయబారిగా వెళ్లి విషప్రయోగానికి బలైన అలరాజు సాక్షాత్తూ నలగామరాజు అల్లుడు. కత్తి దిగింది ఇంట్లోనే. ఆ చనిపోయినవాళ్లే కారెంపూడి వీరుల గుడిలో లింగాలుగా ఉన్నారు. కార్తీక అమావాస్యతో మొదలయ్యే ఉత్సవం రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు నడుస్తుంది. వీరాచారవంతులు ఊళ్ల నుంచి వీరుల ఆయుధాలైన కొణతాలు మోసుకొస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. ఏటా యుద్ధం మళ్లీ మొదలై, మళ్లీ ముగుస్తుంది.

ఇందులో నన్ను ఎక్కువగా కదిలించేది చాపకూడు. మలిదేవరాజు మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని చెప్పుకొనే ఆ పంక్తి మందపోరు నాడు నేటికీ సాగుతుంది. సేనానిగా మాల కన్నమదాసు, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి తమ్ములుగా బ్రాహ్మణుడైన అనపోతుతోపాటు చేతివృత్తుల కులాలవాళ్లు: చనిపోయినవారి పట్టికే ఒక సామాజిక ప్రకటన. అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించిన పల్నాటి వీరచరిత్ర కావ్యాన్ని మాత్రమే చదివితే ఈ సంగతి సగమే అందుతుంది. 1974లో అలిసెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసి, 1982లో జీన్ రోగేర్ వెలువరించిన గ్రంథం కథనూ కొలువునూ కలిపి చూసింది కాబట్టే ఇప్పటికీ ఉపయోగపడుతోంది.

ఈ కథలో కర్నూలుకూ భాగముంది. వలస కాలంలో మలిదేవాదులు నివసించారని చెప్పే మేడపి త్రిపురాంతకం దగ్గర ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ ప్రాంతం కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకాలోదే. జిల్లా సరిహద్దుల ప్రకారం రాసుకున్న చరిత్రల్లో ఈ బంధం తెగిపోయింది.

రాజ్యం చేతికి చిక్కిన మృతుడి గతి ఏమిటో కోయిలకుంట్ల చెబుతుంది. కుంపిణీపై తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న అక్కడ ఉరితీసి, తలను కోటకు వేలాడదీసి, 1877 దాకా అలాగే ఉంచారు. కుంపిణీ దాన్ని హెచ్చరికగా ఉంచింది. జనం పాట కట్టుకున్నారు.

వీరగల్లులపై పునాది పని లేకపోలేదు. 1982లో సెట్టర్, సొంథైమర్ల సంపాదకత్వంలో స్మారక శిలలపై వ్యాస సంపుటి వచ్చింది, ఆర్. చంద్రశేఖరరెడ్డి ఆంధ్రదేశపు వీరుల ఆరాధన మీద ప్రత్యేక గ్రంథమే రాశారు. కానీ రాళ్ల పరిస్థితి బాగాలేదు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండ లేని ఇల్లు లేదు. అరుగుకూ గోడకూ కంచెకూ బండే. అలాంటిచోట చెక్కిన రాయి కూడా బండల్లో బండగా కలిసిపోతుంది. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు మరికొన్నింటిని పగలగొడుతున్నారు. పసుపు కుంకుమలు పడే రాయి జోలికి మాత్రం ఎవరూ పోరు.

అందుకే వీరగల్లులను మ్యూజియంలకు తరలించడాన్ని మొదటి మార్గంగా ఎంచుకోకూడదని నా అభిప్రాయం. ఊరు మొక్కే రాయిని ఊళ్లోనే ఉంచాలి. కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల్లో ఊరూరా వీరగల్లుల పట్టిక తయారు చేయాలి. శాసనం అచ్చు, ఛాయాచిత్రం, రాయి ఉన్న చోటు, ఊరివాళ్లు దాన్ని పిలిచే పేరు, ఏటా జరిపే మొక్కు: ఈ ఐదూ అందులో ఉండాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు శాఖలు పరిశోధక విద్యార్థులకు ఒక్కో మండలం అప్పగిస్తే ఇది జరిగే పనే. ఈ పత్రిక పాఠకుల్లో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. మీ బడి ఉన్న ఊరితోనే మొదలుపెట్టండి.