బొమ్మరిల్లు

బాలల క్రీడకును గృహాలంకరణమునకును దారువుతోనో అట్టతోనో మంటితోనో నిర్మింపబడు అల్పప్రమాణ గృహము. ఐరోపాలో 1558 నాటికి బవేరియా ప్రభువగు ఐదవ ఆల్బర్టు చేయించినది తొలి ప్రసిద్ధోదాహరణము. ఎడ్విన్ లుట్యెన్స్ రూపకల్పనమున 1924లో పూర్తియైన బ్రిటను రాణి మేరీ బొమ్మరిల్లు విండ్సర్ కోటలో నున్నది. అడుగునకు అంగుళమను దాని ప్రమాణమే నేటి బొమ్మరిల్లు కిట్లయందును బహుళముగా వాడుకలో నున్నది.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి సీమలందు ఈ కళకు సహజస్థానము సంక్రాంతి బొమ్మల కొలువు. మెట్లపై దేవతామూర్తులను నిలిపి, తెల్లపొణికి కఱ్ఱతో చెక్కి, చింతగింజల పిండియు ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో అంగములను తీర్చి రంగులు దిద్దిన కొండపల్లి బొమ్మలను వాని సరసన చేర్చి, అడుగున ఆవాలు చల్లి మొలిపించిన పైరుతో, అద్దపు చెఱువుతో ఒక పల్లెనే కల్పించుట గృహిణుల ప్రతిభకు నిదర్శనము. ఆ అద్దము చుట్టును తాటాకు కప్పుల లంకయూరిని, ఒక దోనెను, గూడబాతులను నిలిపినచో కొల్లేరే ముంగిట వెలయును. అట్టి కల్పన పరదేశపు మేడ నమూనాకంటె మన బిడ్డలకు మిక్కిలి హృద్యము. బొమ్మరింటి గదిలో పఱచుటకు ఏలూరు తివాచీ నేతను పోలిన ఉన్ని తునుక చాలును.

బొమ్మరింటిని కిట్టుతో కట్టువారు ముక్కలను మొదట జిగురు లేకయే కూర్చి, మూలలు సరిచూచి, విప్పి, లోగోడలకు రంగువేసిన పిమ్మటనే అతుకవలెను. కప్పు బిగించిన వెనుక కుంచె లోమూలలకు చేరదు.