చిగురుపన్ను నుంచి కొత్త బార్ దాకా

నర్సీపట్నంలో మా వీధి చివర ఈమధ్యే ఒక బార్ అండ్ రెస్టారెంట్ తెరిచారు. ఓ సాయంత్రం వెళ్ళి కూర్చున్నాను. ఏసీ, నీలం లైట్లు, గోడకి పెద్ద టీవీ. లంబసింగి చూసి ఘాట్ దిగొచ్చిన కుర్రాళ్ళు పక్క టేబుల్ మీద ఫోన్లు పరుచుకుని ఫొటోలు చూసుకుంటున్నారు. మెనూ కార్డు మొదటినుంచి చివరిదాకా చదివాను. లైట్ బీరు, స్ట్రాంగ్ బీరు, విస్కీలు, బ్రాందీలు, చికెన్ పకోడీ ఉన్నాయి. కల్లు లేదు. బార్లో కల్లు అమ్మరని తెలుసు. కానీ ఆ కల్లు కోసమే మా కొండల్లో ఒకప్పుడు తుపాకులు పేలాయి. అందుకే ఈ సంగతి రాయాలనిపించింది.

కొండవాళ్ళకి కల్లంటే జీలుగు కల్లే. జీలుగు చెట్టు పూతకి రావడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. మొదటి గెల తలమీద వేస్తుంది. ఆ తర్వాతవి ఒక్కొక్కటే కిందకి దిగుతూ వస్తాయి. ఆఖరి గెల అయ్యాక చెట్టు ఎండిపోతుంది. గీసేవాడు గెల కొసని పొద్దునా సాయంత్రం పలచగా చెక్కి, కింద కుండ కడతాడు. తెల్లారుతూనే దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. చెట్టు మొదట్లోనే చుట్టూ కూర్చుని, ఆనపకాయ బుర్రతో ఆకు దొప్పల్లోకి వంపుకుని తాగుతారు. పెళ్ళి మాటలు, తగువులు, పోడు పనులు అక్కడే తేలతాయి. తిండికి కటకటైన ఏడు చెట్టు కొట్టి, లోపలి గుజ్జుని పిండి చేసి జావ కాచుకునేవారు. తాత పెంచిన చెట్టు కల్లు మనవడు తాగుతాడు. అలాంటి చెట్టుకి పన్ను కట్టమంటే ఎవరు ఊరుకుంటారు?

అడిగారు. మద్రాసు ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా కట్టడి చేసి, హక్కుని కాంట్రాక్టర్లకి కట్టబెట్టింది. రంపలో మన్సబుదారు కల్లు గీతమీద చిగురుపన్ను అని పన్ను కూడా గుంజాడు. 1879 మార్చిలో రంప భగ్గుమంది. కొద్ది వారాల్లోనే ఆ మంట గొలుగొండ కొండలకి పాకింది. గొలుగొండ తాలూకాకి కచేరీ ఉన్నది మా నర్సీపట్నంలోనే. పోలీసు దౌర్జన్యాలు, వ్యాపారుల అప్పులు, కోర్టు జప్తులు కూడా ఆ తిరుగుబాటుకి కారణాలే. కానీ జనాన్ని ముందుగా రగిలించినవాటిలో కల్లుచెట్టు ఉందన్నదాన్ని మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. నా దృష్టిలో అదే అసలు సంగతి.

ఇంగ్లండులో కూడా ఏల్ అనే నాటు బీరుని పల్లెటూళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళలో కాచి అమ్ముకునేవారు. 1552లో చట్టం చేసి, లైసెన్సు లేకుండా ఏల్ దుకాణం నడపకూడదన్నారు. అదే దేశపు దొరలు మూడు వందల ఏళ్ళ తర్వాత మన్యానికి లైసెన్సులు తెచ్చారు.

రంప తిరుగుబాటు తర్వాతి తరంలో అల్లూరి సీతారామరాజు వచ్చాడు. కృష్ణదేవిపేటలో ఉంటూ కొండవాళ్ళకి ఆయన చెప్పిన మాటలు రెండు: కోర్టులకి పోకుండా పంచాయతీల్లో తేల్చుకోండి, తాగుడు మానండి. నర్సీపట్నం నుంచి కొండమీదికి వేసే రోడ్డు పనిలో కూలి సరిగ్గా ఇవ్వక జనాన్ని పీడించడం 1922 ఆగస్టు నాటి పితూరీకి ఒక పెద్ద కారణం. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలమీద పడ్డారు. ఆయనని పట్టుకోవడానికి దిగిన పటాలాలకి మా ఊరే మకాం. తాతలు కల్లు కోసం పోరాడితే ఆయన కల్లు వద్దన్నాడు కదా అని కొందరు అడుగుతారు. నాకందులో వైరుధ్యం కనబడదు. తాగాలా మానాలా అన్నది కొండవాళ్ళు తేల్చుకోవాలి గాని కాంట్రాక్టరు కాదు. రెండు తరాల మాటా అదే.

తర్వాత మద్యం దుకాణాలకి తాళాలు వేయడం, తీయడం చాలాసార్లు జరిగింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం. ఆ విధానం మీద రేగిన రగడలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993లో సారా పోయింది, 1995లో ఎన్టీఆర్ మొత్తం నిషేధించారు, 1997లో అది సడలింది. 2019 అక్టోబరులో షాపులు సర్కారు చేతికి వచ్చి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకి వెళ్ళాయి. అందులో పది శాతం గీత కులాలకి కేటాయించారు. మా మైదానంలో తాడిచెట్లెక్కే యాత, శ్రీశయన కుటుంబాలకి ఇది మేలే. కానీ ఆ షాపులో అమ్మేది వాళ్ళు గీసిన కల్లు కాదు, సీసా సరుకు. జీలుగు గీసే కొండవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రం జీలుగు నీరా మీద, బెల్లం మీద పనిచేస్తోంది. పులియకముందే చల్లగా దించి అమ్మగలిగితే గీసేవాడి ఇంటికి నాలుగు డబ్బులొస్తాయి. అలాంటి నీరా దుకాణం ఒకటి మా ఊళ్ళో పెడితే మొదటి గ్లాసు నేనే కొంటాను.

1996లో వచ్చిన పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభకి మత్తు పానీయాల అమ్మకాన్ని ఆపే, అదుపుచేసే అధికారం ఇచ్చింది. 1879కి ముందు గుంజుకున్నది కాగితం మీదైనా చింతపల్లి పల్లెలకి తిరిగొచ్చింది. మా నర్సీపట్నం మైదానం కిందకి వస్తుంది గనక ఇక్కడ ఆ చట్టం చెల్లదు. కొత్త బార్ వచ్చేముందు మా వీధిలో ఏ ఇంటి గడపా ఎక్కి ఎవరూ అడగలేదు.