సేబర్ అని పిలిస్తే పలికే నక్క

2021 ఫిబ్రవరిలో ‘ఫారెస్ట్ ఆఫ్ ఇల్యూజన్’ అనే బృందం ఒక వీడియో గేమ్‌ని అందరి ముందూ పెట్టింది. పాత నింటెండో ఆటల్ని భద్రపరచడం వాళ్ళ పని. స్వీడన్‌లో ఎవరో సేకర్త దగ్గరున్న డిస్క్‌ని కొని, అందులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా బయటపెట్టారు. ఆట పేరు డైనసార్ ప్లానెట్. దాని మీది తేదీ 2000 డిసెంబరు 1. దుకాణంలోకి ఎన్నడూ రాని ఆట అది. నేను దాన్ని ఎమ్యులేటర్లో, అంటే కంప్యూటర్ని పాత ఆటపెట్టెలా నటింపజేసే ప్రోగ్రామ్‌లో, కొన్ని రాత్రులు ఆడాను.

ఆడానంటే ఆడానని కాదు లెండి. కొంత దూరం పోయాక బొమ్మ బిగుసుకుపోతుంది. మళ్ళీ మొదలుపెట్టాలి. నడిచే ఆటలాగా నడవాలంటే అభిమానులు రాసిన అతుకులు వేసుకోవాలి. ఇంత చాకిరీ ఎందుకంటే, అచ్చయిన పుస్తకం చెప్పని సంగతులు కొట్టివేతలున్న చిత్తుప్రతి చెబుతుంది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలనీ, తర్వాత పుస్తకంగా వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్ళకి ఈ యావ కొత్తేమీ కాదు.

ఆట తయారుచేసింది రేర్ అనే కంపెనీ. ఇంగ్లండులో ట్వైక్రాస్ అనే పల్లె వాళ్ళ మకాం. గోల్డెన్‌ఐ, డాంకీ కాంగ్ కంట్రీ లాంటివి చేసి అప్పటికే పెద్ద పేరు తెచ్చుకున్నారు. నింటెండో 64 అనే యంత్రం కోసం వాళ్ళు తలపెట్టిన కథలో నాయకులు ఇద్దరు. సేబర్ అనే కుర్రాడు, చేతిలో కత్తి. క్రిస్టల్ అనే అమ్మాయి, చేతిలో మంత్రదండం. ఇద్దరివీ జంతువుల ముఖాలే. అతనికి తోడు ట్రికీ అనే పిల్ల డైనసార్, ఆమెకి తోడు కైట్ అనే రెక్కల జీవి. ఎవరి దారి వాళ్ళది, ఎవరి సాహసం వాళ్ళది. ఆడేవాడు కాసేపు ఇతనుగా, కాసేపు ఆమెగా తిరుగుతాడు. అలా మారడానికి దారిలో ఒక మాట్లాడే రాయి ఉంటుంది: స్వాప్‌స్టోన్.

2000 మేలో లాస్ ఏంజెలస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో ఈ ఆటని చూపించారు. నింటెండోలో షిగెరు మియమోటోకి సేబర్‌ని చూడగానే తమ ఫాక్స్ మెక్‌క్లౌడ్ గుర్తొచ్చాడు. 1993 నుంచి నడుస్తున్న స్టార్ ఫాక్స్ ఆటల్లో అంతరిక్షనౌక నడిపే నక్క అతను. ఈ పోలిక ఎటూ ఉంది కదా, దీన్నే స్టార్ ఫాక్స్ ఆటగా మార్చకూడదా అన్నది అక్కణ్ణించి వచ్చిన ఆలోచన. ఆపైన ఆట పాత యంత్రాన్ని వదిలి, రాబోయే గేమ్‌క్యూబ్‌కి వెళ్ళింది. 2002 సెప్టెంబరులో స్టార్ ఫాక్స్ అడ్వెంచర్స్ పేరుతో విడుదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లిచ్చి రేర్‌ని కొనేసింది.

నేను ఆడిన ప్రతి ఈ మార్పు మధ్యలోది. సేబర్ బొమ్మ పోయింది. ఆ చోట ఫాక్స్ నిలబడి ఉన్నాడు. మాటలు మాత్రం మారలేదు, ఎదుటివాళ్ళు అతన్ని ఇంకా సేబర్ అనే పిలుస్తున్నారు. నాటకంలో పాత్రధారి మారాడు, సంభాషణలు రాసినాయనకి కబురందలేదు అన్నట్టుంటుంది. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది, ఎందుకంటే పక్కన క్రిస్టల్ ఇంకా తన దారిన తను నడుస్తూనే ఉంది.

విడుదలైన ఆటలో ఆమెకేమయిందో చెప్పాలి. మొదటి ఘట్టంలో ఆమెనే ఆడిస్తాం. మంత్రదండం చేజారుతుంది, ఓడ మీద దిగుతుంది, గుడి చేరుతుంది, స్ఫటికంలో బందీ అవుతుంది. అక్కణ్ణించి దాదాపు చివరిదాకా అందులోనే. పడిపోయిన ఆ మంత్రదండం ఫాక్స్‌కి దొరుకుతుంది, మిగతా ఆటంతా అతను దానితోనే పోరాడతాడు. ఆమెని తొలిసారి చూసి అతను మైమరిచే ఘట్టంలో వెనక శాక్సఫోన్ మోగుతుంది. అంటే ఆయుధం అతనిదైంది, ఆమె బహుమతి అయింది. ఇది నా వ్యాఖ్యానమే అనుకోవచ్చు గానీ, చిత్తుప్రతిలో అదే దండంతో ఆమె శత్రువుల్ని కొడుతుంటే చూశాక వేరేలా అనడం కష్టం.

మూలమే గొప్పది, నింటెండో పాడుచేసింది అని అభిమానులు తరచూ అంటారు. నేను ఒప్పుకోను. చిత్తుప్రతిలో నడకలు ఎక్కువ, తిరిగిన చోటే తిరగడం ఎక్కువ, కొన్నిచోట్ల ఏం చెయ్యాలో తోచదు. గేమ్‌క్యూబ్ ఆట బొచ్చులో, నీళ్ళలో, గడ్డిలో చూపించిన పనితనం అందులో లేదు. పైగా 2000 చివరికి నింటెండో 64 రోజులు అయిపోవచ్చాయి. ఎవరూ వినని పేరుతో ఆ యంత్రం మీద ఇంత పెద్ద ఆట వేస్తే కొనేదెవరు? వ్యాపారంగా చూస్తే ఆ నిర్ణయం తెలివితక్కువదేం కాదు. అతుకు మాత్రం బయటికి కనిపిస్తుంది. ఆటంతా జనరల్ స్కేల్స్ అనే దుర్మార్గుడి వెంటపడతాం. తీరా ఎదురుపడ్డాక పోరు మొదలవుతూనే ఆగిపోతుంది. స్టార్ ఫాక్స్ ఆటల పాత విలన్ ఆండ్రాస్ వచ్చి ఆఖరి యుద్ధం తను తీసుకుంటాడు. ఇదేమిటని 2002లో తలగోక్కున్నవాళ్ళకి జవాబు పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒక డిస్క్‌లో దొరికింది.

అది దొరక్కపోతే మనకి మిగిలేవి పత్రికల్లో వచ్చిన ఫోటోలు, ప్రదర్శనల కోసం చేసిన వీడియోలు, ఏళ్ళ తర్వాత పనివాళ్ళు గుర్తుచేసుకుని చెప్పిన మాటలు. ఆట హక్కులున్నవాళ్ళు ఇచ్చింది కాదు కాబట్టి ఇది న్యాయమేనా అన్న ప్రశ్న ఉంది, ఉండాలి కూడా. కానీ ఒక డిస్క్ ఎన్నాళ్ళు బతుకుతుంది? సొరుగులో ఉన్నదాన్ని చరిత్ర అనలేం.

కైట్‌తో కలిసి క్రిస్టల్ నడిచిన దారుల్లో కొన్ని చివరి ఆటలోనూ ఉన్నాయి, వాటిలో ఫాక్స్ తిరుగుతాడు. మాట్లాడే రాయీ ఉంది. మార్చుకోవడానికి రెండో మనిషి లేదు కాబట్టి దాని పేరు వార్ప్‌స్టోన్ అయింది. ఫాక్స్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపడమే ఇప్పుడు దాని పని.