సి-పేస్ రుణం

అమెరికాలో పాత వాణిజ్య భవనాలను విద్యుత్తు, నీరు ఆదా అయ్యేలా బాగుచేసుకోవడానికి స్థానిక ప్రభుత్వాల ద్వారా అందే దీర్ఘకాలిక రుణం. 2008లో కాలిఫోర్నియాలోని బర్కిలీ నగరం సౌర ఫలకాల కోసం తెచ్చిన పథకం దీనికి బాట వేసింది. రాష్ట్రం చట్టం చేసి అనుమతిస్తేనే నగరాలు, కౌంటీలు దీన్ని అమలు చేయగలవు. కనెటికట్ 2012లో అలాంటి చట్టం చేసింది.

దీని అసలు బలం వసూలు పద్ధతిలో ఉంది. వాయిదా ఆస్తిపన్నుతో కలిసి వస్తుంది, గడువు 20 ఏళ్లు దాటవచ్చు. అప్పు యజమానిని కాక భవనాన్ని అంటిపెట్టుకుంటుంది. అమ్మితే మిగిలిన వాయిదాలు కొన్నవారు కడతారు. మిద్దెమీది పాత ఏసీ యంత్రాన్నో, గాలి దూరే కిటికీలనో మార్చాలంటే, అయిదారేళ్లలో అమ్మేద్దామనుకునే యజమాని సహజంగా వెనకాడతాడు. ఆ చిక్కు ఇక్కడ తీరుతుంది. అద్దె ఒప్పందం ప్రకారం ఆస్తిపన్నును అద్దెదారులే భరించే చోట, కరెంటు బిల్లు తగ్గిన లాభం, వాయిదా భారం రెండూ వారికే చేరతాయి. ఇది న్యాయమైన ఏర్పాటే.

బకాయి పడితే ఈ వాయిదాలకు తనఖా కంటే ముందు హక్కు ఉంటుంది. ఈ కారణంతోనే 2010లో సమాఖ్య గృహరుణ నియంత్రణ సంస్థ అభ్యంతరం చెప్పడంతో ఇళ్లకిచ్చే ఇలాంటి రుణ పథకాలు చాలావరకు ఆగాయి. వాణిజ్య భవనాలకు మాత్రం, తనఖా పెట్టుకున్న బ్యాంకు రాతపూర్వక సమ్మతి తీసుకునే పద్ధతితో ఇది కొనసాగింది. అయితే లాయర్ల ఫీజులు, ఇంధన తనిఖీ ఖర్చులు చిన్న పనికీ తప్పవు కాబట్టి, ఈ రుణం చిన్న దుకాణదారుకంటే పెద్ద భవనాలకే ఎక్కువ అక్కరకొస్తుంది.