వాడిన జపాన్ కార్ల ప్రపంచ ప్రయాణం: కారు వయసును ఎవరు నిర్ణయిస్తారు?

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– జపాన్ నుంచి వాడిన కార్లు పెద్ద ఎత్తున ఇతర దేశాలకు ఎందుకు వెళ్లాయో వివరించగలుగుతారు.
– న్యూజిలాండ్, అమెరికా, భారతదేశం అనుసరించిన దిగుమతి విధానాలను పోల్చగలుగుతారు.
– ఒక వస్తువును చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

2016లో డల్లాస్ దగ్గర ఉన్న మా మేనల్లుడి ఇంటికి వెళ్లాను. షెడ్డులో ఒక పాత నిస్సాన్ స్కైలైన్ కారు ఉంది. స్టీరింగ్ మన కార్లకు ఉన్నట్టే కుడివైపు ఉంది. అమెరికాలో అలాంటి కారు చూడటం నాకు వింతగా తోచింది. జపాన్ వేలంలో ఒక ఏజెంటు ద్వారా కొన్నానని చెప్పాడు. బానెట్ ఎత్తి, ఇంజిన్ దగ్గర అంటించి ఉన్న చిన్న స్టిక్కరు చూపించాడు. దాని మీద కొన్ని జపాన్ అక్షరాలు, "14.6.20" అన్న తేదీ, 78,000 కిలోమీటర్ల అంకె ఉన్నాయి. "టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడు అంటించే స్టిక్కరు మామయ్యా. 2014లోనే మార్చారు. ఇంకా కొన్నేళ్లు చూడక్కర్లేదు" అన్నాడు.

మీటరు చూస్తే 91,000 ఉంది. 2014 తరువాత ఆ కారు ఎక్కువ కాలం వేలం యార్డులోనూ ఓడలోనూ గడిపింది. మరి 13,000 కిలోమీటర్లు ఎప్పుడు తిరిగినట్టు? అప్పుడు నాకు జపాన్ చక్రవర్తుల శకాలు గుర్తుకొచ్చాయి. జపాన్‌లో నేటికీ చాలా కాగితాల మీద చక్రవర్తి పాలనా సంవత్సరం రాస్తారు. హైసే శకం 1989లో మొదలైంది. అంటే హైసే 14 క్రీ.శ. 2002 అవుతుంది. నిజాం కాలపు రికార్డుల్లో ఫసలీ 1357 అని ఉంటే దాన్ని 1947–48గా చదువుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. ఆ బెల్ట్ మార్చి రెండేళ్లు కాదు, పద్నాలుగేళ్లు అయింది. రబ్బరు బెల్ట్ ఆ ఇంజిన్‌లో నడుస్తుండగా తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజిన్ పాడవుతుంది. వాడు ఆ వారమే కారును మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాడు.

ఆ సంఘటన నాకు ఒక చారిత్రక ప్రశ్నను మిగిల్చింది. కారుకు ఉండే వయసు ఒకటి కాదు, మూడు. తిరిగిన కిలోమీటర్లను బట్టి ఒక వయసు, గడిచిన ఏళ్లను బట్టి ఒక వయసు, చట్టం రాసిన వయసు మరొకటి. ఈ మూడూ సాధారణంగా ఏకీభవించవు. వాడిన జపాన్ కార్ల చరిత్ర ప్రధానంగా మూడో వయసు చుట్టూ నడిచిందని ఈ భాగంలో చూద్దాం.

2. జపాన్: బాగున్న కారును ఎందుకు వదులుకున్నారు?

జపాన్‌లో వాహనాల తప్పనిసరి తనిఖీకి ఆధారం 1951 నాటి రోడ్డు రవాణా వాహనాల చట్టం. ఈ తనిఖీని అక్కడ 'షాకెన్' అంటారు. 1983 నుంచి కొత్త సొంత కారుకు మొదటి తనిఖీ మూడేళ్లకు, ఆ తరువాత రెండేళ్లకొకసారి జరుగుతోంది. పదేళ్లు దాటిన కార్లకు మాత్రం ఏటా తనిఖీ ఉండేది. ఈ నిబంధనను 1995లో తొలగించారు. తనిఖీ రుసుముతో పాటు వాహన బరువు మీద పన్ను, తప్పనిసరి బీమా, అవసరమైన మరమ్మతుల ఖర్చు ఒకేసారి మీద పడతాయి. దీనికి తోడు, 1962 నాటి చట్టం ప్రకారం పెద్ద నగరాల్లో కారు నిలిపే చోటు ఉన్నట్టు రుజువు చూపాలి.

ఇక్కడ ఒక అపోహను సరిచేసుకోవాలి. ఇన్నేళ్ల తరువాత కారును తుక్కు చేయాలని జపాన్ చట్టం ఎక్కడా చెప్పలేదు. తనిఖీ గడువు దగ్గర పడినప్పుడు యజమాని లెక్క వేసుకునేవాడు. పాత కారు మీద ఆ ఖర్చంతా పెట్టడం కన్నా కొత్తది కొనడమే మేలనిపించేది. అలా ఇంకా ఎన్నో ఏళ్లు నడవగల కార్లు స్వదేశంలో విలువ కోల్పోయాయి. 2005లో అమలులోకి వచ్చిన వాహన రీసైక్లింగ్ చట్టం ప్రకారం ముందే చెల్లించిన రీసైక్లింగ్ రుసుము, కారును ఎగుమతి చేస్తే తిరిగి వస్తుంది. ఇది కూడా ఎగుమతికి అనుకూలించింది.

ఇలా పోగైన కార్లు వేలం కేంద్రాలకు చేరేవి. అక్కడ పరీక్షకుడు ప్రతి కారుకూ ఒక పత్రం రాస్తాడు. అందులో మొత్తం కారుకు అంకెల్లో గ్రేడు, లోపలి భాగానికి అక్షరాల్లో గ్రేడు, గీతలు, సొట్టలు, తుప్పు ఎక్కడున్నాయో చూపే బొమ్మ ఉంటాయి. 'ఆర్' అని ఉంటే ప్రమాదానికి గురై మరమ్మతు జరిగిన కారని అర్థం. వేల మైళ్ల దూరంలో ఉన్న కొనుగోలుదారుకు ఈ పత్రమే కళ్లు. అయితే అది అమ్మకం కోసం కొద్ది నిమిషాల్లో రాసిన పత్రమని చరిత్ర విద్యార్థి మరచిపోకూడదు. లోపలి తుప్పు, ఎండిపోయిన రబ్బరు గొట్టాలు అందులో కనిపించవు.

3. న్యూజిలాండ్: లాభపడినవారు, నష్టపోయినవారు

జపాన్‌లో వాహనాలు మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. అందువల్ల న్యూజిలాండ్, శ్రీలంక, పాకిస్తాన్, బంగ్లాదేశ్, కెన్యా వంటి ఎడమవైపు ప్రయాణించే దేశాలు సహజమైన మార్కెట్లయ్యాయి. రోడ్డుకు కుడివైపు నడిచే మయన్మార్‌లోనూ, రష్యా తూర్పు తీరంలోని వ్లాదివోస్తోక్‌లోనూ కూడా కుడి స్టీరింగ్ జపాన్ కార్లు నిండిపోయాయి. 2008 డిసెంబరులో రష్యా ప్రభుత్వం ఇలాంటి కార్ల మీద సుంకం పెంచబోతే వ్లాదివోస్తోక్ ప్రజలు వీధుల్లోకి వచ్చారు. నిరసనలను అణచడానికి మాస్కో నుంచి ప్రత్యేక పోలీసులను రప్పించారు. పాత కారు ఆ నగరానికి జీవనోపాధి కూడా.

వీటిలో న్యూజిలాండ్ అనుభవాన్ని వివరంగా చూద్దాం. అక్కడ 1938 నుంచి దిగుమతి లైసెన్సుల విధానం ఉండేది. విదేశాల నుంచి విడిభాగాల కిట్లు తెచ్చి స్థానిక కర్మాగారాల్లో బిగించేవారు. కొత్త కారు దొరకడం కష్టం. మన దేశంలో అంబాసిడర్, ఫియట్ కార్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులను ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు. అక్కడి పరిస్థితీ దానికి దగ్గరగానే ఉండేది. విదేశీ మారకద్రవ్యం చేతిలో ఉన్నవారికి కారు సులువుగా దొరికేది. మిగిలినవారు పాత కార్లనే మరమ్మతు చేయించుకుంటూ నడిపేవారు.

1984 తరువాత వచ్చిన ఆర్థిక సంస్కరణలు ఈ గోడలను కూల్చాయి. 1980ల చివరి నుంచి జపాన్‌లో వాడిన కార్లు ఓడల మీద దిగసాగాయి. సామాన్య కుటుంబానికి కూడా ఎయిర్ కండిషనింగ్, పవర్ స్టీరింగ్ ఉన్న కారు అందుబాటులోకి వచ్చింది. 1998లో కార్ల దిగుమతి సుంకాన్ని పూర్తిగా రద్దు చేశారు. అదే సంవత్సరం పోరిరువా, నెల్సన్, వైరి, థేమ్స్ పట్టణాల్లోని కార్ల కర్మాగారాలు మూతపడ్డాయి. కొనుగోలుదారుకు కలిగిన లాభం నిజమే. ఉపాధి పోయిన కార్మికుడి నష్టమూ అంతే నిజం. ఒకదాన్ని రాసి రెండోదాన్ని వదిలేస్తే అది సగం చరిత్రే అవుతుంది.

4. అమెరికా: ఇరవై ఐదేళ్ల గీత

1980ల మొదట్లో డాలరు బలపడింది. కొందరు అమెరికన్లు ముఖ్యంగా జర్మనీ కార్లను అధికారిక డీలర్లతో సంబంధం లేకుండా సొంతంగా తెప్పించుకోసాగారు. దీన్ని అడ్డుకోవాలని కంపెనీలు, డీలర్లు ఒత్తిడి తెచ్చారు. ఫలితంగా 1988లో దిగుమతి వాహనాల భద్రతా చట్టం వచ్చింది. అమెరికా ప్రమాణాలకు తయారు కాని కారును తేవడం అప్పటి నుంచి బహు కష్టమైంది. 25 ఏళ్లు నిండిన కారుకు మాత్రం ఆ భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. ఇదే మినహాయింపు కెనడాలో 15 ఏళ్లకే వస్తుంది. కెన్యాలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ ఎనిమిదేళ్లు దాటిన కారును అసలు దిగనివ్వరు. ఒక దేశం 'మరీ పాతది' అని తిప్పి పంపే కారును ఇంకో దేశం 'ఇంకా పాతబడలేదు' అని ఆపుతుంది.

జర్మనీ కార్ల కోసం గీసిన ఈ గీత తరువాతి తరంలో జపాన్ కార్ల అభిమానుల జీవితాన్ని శాసించింది. 1989లో నిస్సాన్ ఆర్32 స్కైలైన్ జిటి-ఆర్‌ను విడుదల చేసింది. 2.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, రెండు టర్బోలు, నాలుగు చక్రాలకూ శక్తి దాని ప్రత్యేకతలు. 280 హార్స్‌పవర్ మించకూడదని జపాన్ కంపెనీలు తమలో తాము చేసుకున్న ఒప్పందం వల్ల కాగితం మీద శక్తి అంతకే పరిమితమైంది. 1990–93 మధ్య జపాన్ టూరింగ్ కార్ల పోటీల్లో పాల్గొన్న 29 పందేల్లోనూ అదే గెలిచింది. అమెరికా యువత ఈ కారును మొదట రోడ్డు మీద చూడలేదు. 1997లో జపాన్‌లో వచ్చిన గ్రాన్ టూరిస్మో వీడియోగేమ్ మరుసటి ఏడాది అమెరికాకు చేరినప్పుడు తెర మీద నడిపారు. అసలు కారు కోసం 2014 దాకా ఆగాల్సి వచ్చింది. గీత దాటగానే పాత కార్లకు కొత్త ధరలు పుట్టాయి.

5. యజమాని పని: నిర్వహణ, మార్పులు

దిగుమతి కారును కొనడం కంటే నిలబెట్టుకోవడం కష్టం. జపాన్ మార్కెట్ కార్లకు మిగతా దేశాల్లో ఉండే 17 అంకెల గుర్తింపు సంఖ్య ఉండదు. చిన్న ఫ్రేమ్ నంబరు మాత్రమే ఉంటుంది. విడిభాగం కావాలంటే ఆ నంబరుతోనే వెతకాలి. స్పీడోమీటరు 180 దగ్గర ఆగిపోతుంది. రేడియో అక్కడి ఎఫ్‌ఎం తరంగాలకు సరిపోయేలా ఉంటుంది కాబట్టి మన స్టేషన్లలో చాలావరకు పట్టదు. ఎడమవైపు ప్రయాణానికి అమర్చిన హెడ్‌లైట్లు అమెరికా రోడ్డు మీద ఎదుటివారి కళ్లలోకి కొడతాయి.

మార్పులు చేసేవారు నేర్చుకున్న పాఠం ఇంకా విలువైనది. ఆర్32 జిటి-ఆర్‌లో కంపెనీ బిగించిన టర్బోల లోపలి చక్రాలు సిరామిక్‌వి. శక్తి కోసం గాలి ఒత్తిడిని బాగా పెంచితే అవి పగిలిపోతాయి. తొలి ఇంజిన్లలో ఆయిల్ పంపును తిప్పే భాగం బలహీనంగా ఉండేది. అందుకని అనుభవం ఉన్న మెకానిక్ ముందు ఆయిల్ సరఫరాను, ఉష్ణోగ్రతను, బ్రేకులను సరిచేసి, ఆ తరువాతే శక్తి జోలికి వెళతాడు. జపాన్‌లో ఈ జ్ఞానం 1973లో మొదలైన హెచ్‌కెఎస్ వంటి సంస్థల్లోనూ, 1981లో మొదలైన 'ఆప్షన్' పత్రిక పుటల్లోనూ పెరిగింది.

మార్పు చేసిన కారును చట్టం ఎలా చూడాలి? న్యూజిలాండ్‌లో పెద్ద మార్పు చేస్తే గుర్తింపు పొందిన పరీక్షకుడు తనిఖీ చేసి, కారుకు ఒక ధ్రువీకరణ ఫలకం బిగిస్తాడు. ప్రభుత్వం మార్పును నిషేధించకుండా దానికి బాధ్యుడిని చూపమంటుంది. కంపెనీల వైఖరి కూడా మారింది. నిస్సాన్ 2017 చివర్లో ఆర్32 జిటి-ఆర్‌కు, టొయోటా 2020లో పాత సుప్రా కార్లకు నిలిచిపోయిన విడిభాగాలను మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టాయి. యజమానులు వదలకుండా కాపాడుకున్న కార్లే ఆ గిరాకీని సృష్టించాయి.

6. మన దేశం ఎంచుకున్న దారి

మనకు జపాన్ సాంకేతికత వాడిన కారు రూపంలో రాలేదు. 1982లో సుజుకితో ఒప్పందం జరిగింది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళంచెవి యజమాని చేతికి అందింది. తొలినాళ్లలో జపాన్ నుంచి వచ్చిన కిట్లను బిగించినా, క్రమంగా విడిభాగాల పరిశ్రమ ఇక్కడే పెరిగింది. 2001లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు ఎత్తివేసినప్పుడు వాడిన కార్లకు గట్టి షరతులు పెట్టారు. కారు వయసు మూడేళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబై రేవు ద్వారానే రావాలి. పన్నులన్నీ కలిపితే కారు ధరను మించిపోతాయి. దీనివల్ల కర్మాగారాలు, ఉద్యోగాలు నిలిచాయి. అయితే న్యూజిలాండ్ కుటుంబానికి దొరికిన చవక కారు మన కుటుంబానికి దొరకలేదు.

మార్పుల విషయంలో మన చట్టం కఠినం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. ఆమోదం పొందిన కిట్‌తో సిఎన్‌జికి మార్చుకోవడం వంటి మినహాయింపులున్నాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను మరింత స్పష్టం చేసింది.

చట్టం రాసే వయసుకు మన దగ్గరే ఉదాహరణ ఉంది. సొంత కారు ఆర్‌సి 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. హైదరాబాదులో అలా నడిచే పాత పెట్రోలు కారు, 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన ఆదేశాల ప్రకారం, ఢిల్లీలో 15 ఏళ్లు దాటగానే రోడ్డెక్కకూడనిది అయింది. ఇంజిన్ అదే, నగరం వేరు. గాలి కాలుష్యం మీద ఆందోళన న్యాయమైనదే. కానీ బాగా చూసుకున్న కారునూ, గాలికి వదిలేసిన కారునూ ఒకే తేదీతో కొలవడం సరైనదేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత ఇంజిన్‌ను విప్పి, పనికొచ్చే భాగాన్నీ పనికిరాని భాగాన్నీ చేతితో తడిమి వేరుచేసే మెకానిక్‌కు ఈ ప్రశ్న బాగా అర్థమవుతుంది.

7. సారాంశం

జపాన్‌లో తనిఖీ ఖర్చు కార్లను బయటకు పంపింది. న్యూజిలాండ్ తలుపులు తెరిచి చవక కార్లు పొందింది, కర్మాగారాలను కోల్పోయింది. అమెరికా 25 ఏళ్ల గీత గీసి పాత కార్లకు కొత్త విలువ తెచ్చింది. భారతదేశం తలుపులు దాదాపు మూసి సొంత పరిశ్రమను పెంచుకుంది. ప్రతి చోటా కారు చట్టపరమైన వయసును నిర్ణయించింది ప్రభుత్వాలు, కంపెనీలు, మార్కెట్లు. దాని అసలు వయసును కనిపెట్టి కాపాడే పని మాత్రం యజమానికీ మెకానిక్‌కూ మిగిలింది. మా మేనల్లుడి కారులోని ఆ స్టిక్కరులాగా, ఆధారం కళ్లెదుటే ఉన్నా దాని శకం తెలియకపోతే తప్పుగా చదువుతాం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'షాకెన్' అంటే ఏమిటి? అది వాడిన కార్ల ఎగుమతికి ఎలా దోహదం చేసింది?
2. 1998లో న్యూజిలాండ్ కార్ల పరిశ్రమలో వచ్చిన మార్పును వినియోగదారు, కార్మికుడు అనే రెండు కోణాల నుంచి వివరించండి.
3. వేలం పత్రాన్ని చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
4. మీ ఊరిలో 15 ఏళ్లు దాటిన ఒక వాహనాన్ని ఎంచుకోండి. దాని ఆర్‌సి, సర్వీసింగ్ బిల్లులు, మెకానిక్ మాటలు ఆధారంగా దాని చరిత్రను రెండు పుటలలో రాయండి.