టర్కీ కోళ్ల పెరటి పెంపకం: వరంగల్ ప్రాంతం

ఇంటి పెరట్లోనో చేను గట్టునో కొద్దిపాటి టర్కీ కోళ్లను ఆరుబయట తిప్పుతూ, ప్రధానంగా మాంసం కోసం సాకే పద్ధతిని టర్కీ కోళ్ల పెరటి పెంపకం అంటారు. 2016లో పలు జిల్లాలుగా విడిపోయిన ఉమ్మడి వరంగల్ జిల్లాలో నాటుకోడి తరతరాలుగా ఉన్నదే కాగా, టర్కీ ఆ పెరట్లోకి ఆలస్యంగా వచ్చి చేరిన పక్షి.

పుట్టుక, భారతదేశ ప్రవేశం

మెక్సికో ప్రాంతపు మూలవాసులు రెండు వేల ఏళ్లకు పూర్వమే మచ్చిక చేసుకున్న ఈ పక్షిని 16వ శతాబ్ది ఆరంభంలో స్పెయిన్ నావికులు ఐరోపాకు చేర్చారు. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత జీవాలలో టర్కీ పుంజును చూసి, దాని తల, మెడ ఎరుపు, తెలుపు, నీలం రంగులకు మారడాన్ని మొగలు చక్రవర్తి జహంగీర్ తన స్మృతులలో నమోదు చేశాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసిన ఆ పక్షి చిత్రం నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

మాంసపు పక్షిగా టర్కీపై మన దేశంలో శాస్త్రీయ కృషి ఇటీవలిది. 1979లో ఇజ్జత్‌నగర్‌లో ఏర్పడిన కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ ‘కారి విరాట్’ రకాన్ని రూపొందించింది. అమెరికాలో చిన్న కుటుంబాల అవసరాలకు తగినట్లు అభివృద్ధి చేసిన బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ జాతిని స్థానిక నల్ల టర్కీతో సంకరం చేసి, తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం ‘నందనం టర్కీ-1’ను తెచ్చింది.

వరంగల్ నేపథ్యం

ఈ ప్రాంతంలో పెరటి కోడి ఇంటి ఆడవాళ్ల చేతి ఆదాయం. గంప కింద పిల్లలను కాపాడటం, నూకలు చల్లి పిలవడం, పొదుగుకు పెట్టను కూర్చోబెట్టడం వారి అనుభవంలోని పనులు. రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరలో మొక్కుగా కోళ్లు సమర్పించడం నాటుకోడి గిరాకీని నిలబెట్టే ఆచారాలలో ఒకటి. టర్కీకి అటువంటి ఆచార బలం లేదు గనుక మాంసం గిరాకీయే దానికి ఆధారం. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు పెరటి పెంపకాన్ని విస్తరింపజేయగా, పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్న మామునూరు ఈ ప్రాంత రైతులకు సమీప విజ్ఞాన కేంద్రం.

పెంపకంలోని కీలకాంశాలు

కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడితే టర్కీ గుడ్డుకు 28 రోజులు పడుతుంది. పుట్టిన పిల్లలకు మొదటి వారంలో దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. చూపు, చురుకుదనం తక్కువగా ఉండే ఈ పిల్లలు తిండి ఎదుటే ఉన్నా ముక్కు పెట్టక చనిపోతుంటాయి. అందువల్ల మేత తొట్టెను మెల్లగా తట్టడం, పచ్చని ఆకులు తరిగి కలపడం, పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు చొప్పున పెట్టడం, తాగే నీటిలో కొద్దిగా పాలు కలపడం వంటివి తొలి పదిహేను రోజులు చేయాలి. పిల్లల దాణాలో దాదాపు 28 శాతం మాంసకృత్తులు ఉండాలి. ఈ ప్రాంతంలో విరివిగా పండే మొక్కజొన్నలో అవి 9 శాతం మాత్రమే కాబట్టి నూకలు, మక్కలతోనే పిల్లలు నిలదొక్కుకోలేవు. పెద్దవయ్యాక గడ్డి, పురుగులు, రాలిన గింజలు ఏరుకు తినడం వల్ల దాణా ఖర్చు తగ్గుతుంది.

కోళ్లతో కలిపి పెంచడమే ప్రధాన ప్రమాదం. నల్లతల వ్యాధిని కలిగించే ఏకకణ జీవి, కోళ్ల పేగులలో ఉండే ఒక రకం నులిపురుగు గుడ్లలో దాగి, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. కోడి పెద్దగా లక్షణాలు చూపకుండా దాన్ని మోస్తే, టర్కీ గంధకపు రంగు రెట్ట వేసి, కాలేయం దెబ్బతిని మరణిస్తుంది. గ్రామాల్లో కొక్కెర తెగులుగా పిలిచే రాణిఖేత్ వ్యాధికి టీకా ఉన్నా, నల్లతల వ్యాధికి టీకా అందుబాటులో లేదు. ఆ కారణంగా కోళ్లు తిరిగిన నేలకు దూరంగా, విడి ఆవరణలో టర్కీలను ఉంచడమే రక్షణ.

ప్రాముఖ్యం

టర్కీ మాంసంలో, ముఖ్యంగా రొమ్ము భాగంలో, కొవ్వు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. పెద్ద షెడ్లూ పెట్టుబడీ లేని కుటుంబాలకు ఇది అదనపు రాబడి మార్గం కాగలదు. నాటుకోడిని సాకిన చేతులకు ఈ పక్షి పూర్తిగా కొత్తది కాదు. అయితే ఆ అనుభవానికి తొలి రోజుల ప్రత్యేక పోషణ, కోళ్ల నుంచి ఎడం అనే రెండు జాగ్రత్తలు తోడైతేనే వరంగల్ పెరట్లో టర్కీ స్థిరపడగలదు.